ఫారం 700 మీద సంతకం: తొలినాటి వైమానిక దళంలో టెక్నికల్ ఆఫీసర్ అంటే ఎవరు?

మన ఇళ్లల్లో ఎవరైనా "మావాడు ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నాడు" అనడమే ఆలస్యం, ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట "పైలటా?" అని. కాదండీ, టెక్నికల్ సైడ్ అంటే వాళ్ల మొహంలో వెలుగు కొంచెం తగ్గుతుంది. మా బాబాయి ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఈ ప్రశ్న ఆయనకి ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు. చిన్నప్పుడు నేనూ అడిగాను, "అయితే నువ్వు విమానం నడపవా బాబాయ్?" అని. "నడపనురా. కానీ నేను సంతకం పెట్టకపోతే దాన్ని ఎవడూ నడపడు" అన్నాడు.

ఆ సంతకం పెట్టే పుస్తకం పేరు ఫారం 700. బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ నుంచి మన వైమానిక దళానికి వచ్చిన పద్ధతి ఇది. ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఇంజన్ చూసినవాడు ఇంజన్ గడిలో, రెక్కలూ ఒళ్లూ చూసినవాడు ఆ గడిలో, ఆయుధాలవాడు, వైర్‌లెస్‌వాడు ఎవరి గడిలో వాళ్లు సంతకం పెడతారు. అందరివీ అయ్యాక, విమానాన్ని తీసుకుంటున్నట్టు పైలట్ సంతకం పెడతాడు. ఏదైనా ప్రమాదం జరిగితే ముందు స్వాధీనం చేసుకునేవాటిలో ఈ పుస్తకం ఒకటి.

ఇక్కడిదాకా తేలిగ్గానే అర్థమవుతుంది. చిక్కంతా దీని తర్వాతే. ఈ సంతకాలన్నిటికీ పైన జవాబుదారీగా ఉండే అధికారి ఎవరు? అతను పైలటై ఉండాలా, ఇంజనీరై ఉండాలా? ఇంజనీరైతే పైలట్‌తో సమానంగా ప్రమోషన్లు ఇవ్వాలా, లేక స్టోర్స్ చూసుకునే మనిషిగా ఒక మూల కూర్చోబెట్టాలా? బ్రిటన్‌లో సైనిక విమానయానం మొదలైన దగ్గర్నుంచి దాదాపు 30 ఏళ్లపాటు ఈ ప్రశ్నకి ఒక్క జవాబు లేదు, జవాబు మూడుసార్లు మారింది. ఆ మార్పుల భారం మోసినవాళ్ల గురించి మనం పెద్దగా మాట్లాడుకోము. నాకు మాత్రం వైమానిక దళం చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది ఇదే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. టెక్నికల్ ఆఫీసర్ అంటే చేతిలో పానా పట్టుకున్న పెద్ద మెకానిక్ అనుకుంటారు చాలామంది. పానా పట్టుకునేవాడు ఫిట్టర్, తీగలూ రెక్కలూ సరిచేసేవాడు రిగ్గర్, వాళ్ల పైన ఏళ్ల అనుభవంతో ఎదిగిన వారెంట్ ఆఫీసర్. టెక్నికల్ ఆఫీసర్ పని వేరు. స్క్వాడ్రన్‌లో 12 విమానాలు ఉన్నాయనుకోండి, అన్నీ ఒకేసారి పెద్ద సర్వీసింగుకి వస్తే ఆ వారం యుద్ధానికి ఒక్కటీ మిగలదు. కాబట్టి దేన్ని ఎన్ని గంటలు ఎగరనివ్వాలి, దేన్ని ఆపాలి, ఏది ఎప్పుడు హ్యాంగర్‌లోకి వెళ్లాలి అన్న లెక్క ఒకరు వేయాలి. ఈ లోపంతో ఎగరొచ్చు, ఆ లోపంతో ఎగరకూడదు అని తేల్చాలి. ఒక పార్టు దొరక్కపోతే దాని బదులు ఇంకోటి బిగించవచ్చో లేదో చెప్పాలి. ఒకే రకం విరుపు మూడు విమానాల్లో కనిపిస్తే అది ఫిట్టర్ తప్పా, ఫ్యాక్టరీ తప్పా, పైలట్ దింపే తీరులో తప్పా అన్నది పట్టుకోవాలి. పైలట్ "ఇవాళ నాకు విమానం కావాలి" అంటాడు, ఆయన పై అధికారీ అదే అంటాడు. వాళ్లకి కాదని చెప్పాలంటే జ్ఞానం ఒక్కటే చాలదు, భుజం మీద తగిన ర్యాంకు కూడా ఉండాలి.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. బ్రిటన్‌లో రాయల్ ఫ్లయింగ్ కోర్ 1912లో మొదలైంది. అప్పటి విమానమంటే కర్ర చట్రం, మీద గుడ్డ, ఆ గుడ్డ బిగుసుకోడానికి డోప్ అనే పూత, రెక్కల మధ్య ఇనప తీగలు. తంబురా తీగల్ని శ్రుతి చేసినట్టు రిగ్గర్ ఒక్కో తీగనీ సరైన బిగువులో పెట్టాలి, ఒకవైపు కాస్త వదులైతే విమానం అటే లాగుతుంది. అప్పటి ఇంజన్లలో రోటరీ రకానివి చాలా ఉండేవి. వాటిలో క్రాంక్‌షాఫ్ట్ కదలకుండా ఉంటుంది, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. వాటికి కందెనగా పోసేది మన ఆముదం. పెట్రోల్‌లో కరిగిపోదు కాబట్టి ఆముదమే కావాలి. వాడినది తిరిగి ట్యాంకులోకి రాదు, పొగతో పాటు బయటికి చిమ్మి పైలట్ మొహం మీదా బట్టల మీదా పడుతుంది. నల్గొండ, పాలమూరు మెట్ట పొలాల్లో ఆముదం చేలు చూసి పెరిగినవాళ్లకి ఈ సంగతి చెప్తే నమ్మలేనట్టు చూస్తారు, కానీ మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆకాశం నిండా ఆముదం వాసనే.

ఇలాంటి యంత్రాల బాగోగులు చూడటానికి యుద్ధకాలంలో ప్రతి స్క్వాడ్రన్‌లోనూ ఎక్విప్‌మెంట్ ఆఫీసర్ ఉండేవాడు. పేరు వింటే గోడౌన్ లెక్కలు రాసే మనిషి అనిపిస్తుంది గానీ ఇంజన్లు, లారీలు, పార్టులు, వర్క్‌షాపు ఇవన్నీ ఆయన కిందికే వచ్చేవి. హెన్రీ టిజార్డ్ పేరు తర్వాతి రోజుల్లో రాడార్ కథలో గట్టిగా వినిపిస్తుంది, ఆయన కూడా ఫ్లయింగ్ కోర్‌లోకి ప్రయోగాల ఎక్విప్‌మెంట్ ఆఫీసర్‌గానే వచ్చాడు. చదివింది రసాయనశాస్త్రం. కొత్త విమానం ఎంత వేగంగా వెళ్తుంది, ఎంత ఎత్తుకి ఎంతసేపట్లో చేరుతుంది అన్నవి అప్పటిదాకా పైలట్ల మాటని బట్టి నమ్మేవాళ్లు. ఎండరోజు ఒక అంకె, చలిరోజు ఇంకో అంకె వచ్చేవి. గాలి సాంద్రతని లెక్కలోకి తీసుకుని ఆ అంకెల్ని పోల్చదగ్గట్టు సరిచేసే పద్ధతిని మార్టిల్‌షామ్ హీత్ పరీక్షా కేంద్రంలో నిలబెట్టినవాళ్లలో ఆయన ఒకడు. దానికోసం తనే విమానం నడపడం నేర్చుకున్నాడు.

తనే నేర్చుకున్నాడు అన్న ఆ చిన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఆ కాలపు ఇంజనీర్లలో ఇది చాలామంది చేసిన పని. కింద కూర్చుని లెక్క చెప్తే పైలట్లు నమ్మేవాళ్లు కాదు, పైకెళ్లి చూపించాలి. ఎడ్వర్డ్ బస్క్ అనే ఇంజనీరు ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో, పైలట్ చెయ్యి తీసినా తనంతట తాను నిలకడగా ఎగిరే బీ.ఈ.2సీ విమానం మీద పనిచేశాడు. 1914 నవంబర్ 5న అదే విమానం గాల్లో అంటుకుని చనిపోయాడు. కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ బెర్‌ట్రామ్ హాప్కిన్సన్ యుద్ధ విమానాల ప్రయోగాలకి పెద్దదిక్కుగా నిలిచిన మనిషి, 40 దాటాక విమానం నేర్చుకున్నాడు, 1918 ఆగస్టులో బ్రిస్టల్ ఫైటర్ నడుపుకుంటూ వెళ్తూ కూలిపోయాడు. వీళ్లెవరికీ శత్రువు తూటా తగల్లేదు. వీరుల జాబితా రాసేటప్పుడు ఈ పేర్లు ఎక్కడో చివర్లో వస్తాయి, నాకది బాధగా ఉంటుంది.

1918 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఏర్పడేనాటికి టెక్నికల్ ఆఫీసర్ అనే హోదా నిలదొక్కుకుంటోంది. సరిగ్గా అప్పుడే యుద్ధం అయిపోయింది, డబ్బు అయిపోయింది, దళాన్ని పదోవంతుకి కుదించాల్సిన స్థితి వచ్చింది. దళాధిపతి హ్యూ ట్రెంచార్డ్ 1919లో కొత్త దారి వేశాడు. ఆయన లెక్క ప్రకారం అధికారి అంటే ముందు పైలట్. కొన్నేళ్లు ఎగిరాక ఇంజనీరింగో, వైర్‌లెస్సో, నావిగేషనో ఒకటి ఎంచుకుని అందులో ప్రత్యేక కోర్సు చేయాలి. విడిగా ఇంజనీర్ అధికారి అనే శాఖ అక్కర్లేదు. మెకానిక్కుల కోసం మాత్రం ఆయన గట్టి బడి పెట్టాడు, హాల్టన్‌లో 15, 16 ఏళ్ల కుర్రాళ్లని తీసుకుని మూడేళ్లు నేర్పించేవాళ్లు, వాళ్లలో మరీ చురుకైన కొద్దిమందిని క్రాన్‌వెల్ కాలేజీకి పంపి అధికారులుగా, పైలట్లుగా తయారుచేసేవాళ్లు.

ఈ పద్ధతిలో మంచీ ఉంది, చెడూ ఉంది, రెండూ ఒక్క మనిషి జీవితంలోనే కనిపిస్తాయి. ఫ్రాంక్ విటిల్ 1923లో అప్రెంటిస్‌గా చేరాడు, క్రాన్‌వెల్‌కి ఎంపికయ్యాడు, మంచి పైలట్ అయ్యాడు, 1930లో జెట్ ఇంజన్‌కి పేటెంట్ కోరాడు. 1932లో హెన్లోలో అధికారుల ఇంజనీరింగ్ కోర్సు, 1934లో కేంబ్రిడ్జ్. అంటే మెకానిక్ కుర్రాడిని పైలట్‌గా, పైలట్‌ని ఇంజనీర్‌గా మలిచింది ఆ పద్ధతే. మరి అదే దళం, అదే ప్రభుత్వం 1935లో ఆ పేటెంట్ పొడిగింపుకి 5 పౌండ్లు కట్టడానికి ముందుకు రాలేదు, పేటెంట్ పోయింది. ఇంజన్ 1937 ఏప్రిల్‌లో మొదటిసారి తిరిగింది, విమానంగా ఎగిరేసరికి 1941 మే వచ్చింది. ఇంజనీరింగ్ అనేది పైలట్ ఉద్యోగానికి తోక లాంటిది అనుకునే చోట, ఇంజనీర్ మాటకి ఎంత బరువుంటుందో ఇక్కడే తెలుస్తుంది.

చివరికి 1940లో, రెండో ప్రపంచ యుద్ధం నెత్తిమీదికి వచ్చాక, పైలట్లను హ్యాంగర్లలో కూర్చోబెట్టే తీరిక లేదని అర్థమై రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నికల్ బ్రాంచ్ విడిగా ఏర్పడింది. 1918లో చేతికొచ్చినదాన్ని వదులుకుని 22 ఏళ్ల తర్వాత మళ్లీ వెతుక్కున్నారన్నమాట.

ఇంతసేపూ ఇంగ్లండ్ గురించి ఎందుకు చెప్పానంటే, మన దేశంలో మొదటి టెక్నికల్ ఆఫీసర్ల దారి దీన్ని తెలుసుకోకుండా అర్థం కాదు. అక్కడ "ముందు పైలట్, తర్వాత ఇంజనీర్" అన్న నియమం నడుస్తున్న రోజుల్లోనే, 1932 అక్టోబర్ 8న భారత వైమానిక దళం పుట్టింది. క్రాన్‌వెల్‌లో చదివి వచ్చినవాళ్లు ఆరుగురు. హరీశ్ చంద్ర సర్కార్, సుబ్రతో ముఖర్జీ, భూపేంద్ర సింగ్, ఎ.బి. అవాన్, అమర్‌జీత్ సింగ్ పైలట్లు. ఆరో మనిషి జె.ఎన్. టాండన్‌కి పైలట్ అవకాశం దక్కలేదు, గ్రౌండ్ డ్యూటీలో సామగ్రి వైపు వెళ్లాల్సి వచ్చింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ పక్కన డ్రిగ్ రోడ్‌లో నంబర్ 1 స్క్వాడ్రన్ మొదలైనప్పుడు ఉన్నవి నాలుగు వపిటీ విమానాలు. వాటిని చూసుకోడానికి 19 మంది హవాయీ సిపాయిలు. గాలి సిపాయిలు అన్నమాట, ఆ పేరంటే నాకు ఎందుకో చాలా ఇష్టం.

డ్రిగ్ రోడ్ గురించి ఒక్క మాట. అది మామూలు రన్‌వే కాదు, దేశంలోని బ్రిటిష్ విమానాలు పెద్ద రిపేర్లకి వచ్చే డిపో. అరేబియా యుద్ధంతో పేరు మోసిన టి.ఇ. లారెన్స్ 1927లో పేరు మార్చుకుని మామూలు ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్‌గా ఇక్కడి ఇంజన్ రిపేర్ సెక్షన్‌లోనే పనిచేశాడు, తర్వాత వజీరిస్తాన్‌లోని మీరంషాకి వెళ్లాడు. ఆయన వెళ్లిపోయిన కొన్నేళ్లకి అవే చోట్లకి మన హవాయీ సిపాయిలు చేరారు.

ఆ సిపాయిల్లో ఒకడు హర్జిందర్ సింగ్. లాహోర్‌లోని మెక్‌లాగన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన మనిషి, ఆ రోజుల్లో ఆ చదువుకి మంచి ఉద్యోగాలు దొరికేవి. వచ్చి సిపాయిగా చేరాడు. ఎందుకు సిపాయిగా అంటే, వేరే తలుపు లేదు. అధికారి కావాలంటే పైలట్ కావాలి, పైలట్ కావాలంటే క్రాన్‌వెల్ వెళ్లాలి, ఆ సీట్లు లెక్కపెట్టినన్ని. ఇంజనీర్‌గా నేరుగా అధికారి అయ్యే శాఖ అసలు ఇంగ్లండ్‌లోనే లేదు, ఇక్కడ ఎక్కడినుంచి వస్తుంది? విమానాల్ని ముట్టుకోవాలనుకున్న భారతీయ ఇంజనీరుకి అప్పుడు మిగిలింది అట్టడుగు మెట్టు ఒక్కటే. దీన్ని ఆయన త్యాగం అని మాత్రమే రాసి ఊరుకుంటే సగం సంగతి చెప్పినట్టే. ఒక దేశపు ఇంజనీర్లను వాళ్ల చదువుకి తగని చోట నిలబెట్టిన వ్యవస్థ గురించి కూడా చెప్పాలి.

వపిటీ దగ్గర వీళ్లు చేసిన పని ఎలా ఉండేదో ఊహించండి. ఇనప చట్రం మీద గుడ్డ తొడిగిన రెండు వరసల రెక్కల విమానం, ముందు గాలితో చల్లబడే తొమ్మిది సిలిండర్ల జూపిటర్ ఇంజన్. రేడియేటర్, నీళ్లు ఉండవు కాబట్టి ఎడారికి నయమే, కానీ దుమ్ము ఉంది కదా. కార్బురేటర్‌లోకి, బేరింగుల్లోకి, వేసిన ప్రతి గ్రీజు చుక్కలోకి దుమ్మే. ఎండకి డోప్ పూత బీటలిస్తుంది, గుడ్డ చిరుగుతుంది, పగలు బిగించిన తీగ రాత్రి చలికి ఇంకోలా అవుతుంది. పైగా వపిటీని తయారుచేసేటప్పుడే, గోడౌన్లలో మిగిలిపోయిన పాత డీహెచ్-9ఎ విమానాల పార్టులు వాడుకునేలా గీశారు, ఖర్చు కలిసొస్తుందని. పొదుపు ఆలోచనతో పుట్టిన విమానాన్ని పొదుపుగా నడిపే దళానికి ఇచ్చారు.

స్క్వాడ్రన్ మొదలైన కొన్ని నెలలకే, 1933 సెప్టెంబర్‌లో, భూపేంద్ర సింగ్, అమర్‌జీత్ సింగ్ ప్రమాదంలో చనిపోయారు. ఐదుగురు పైలట్లలో ఇద్దరు. భారతీయులు విమానాలు నడపగలరా, విమానాల్ని చూసుకోగలరా అని బాహాటంగానే అనుమానపడేవాళ్లు చుట్టూ ఉన్న రోజులవి. అలాంటప్పుడు ఫారం 700 మీద పెట్టే ప్రతి సంతకం ఒక్క విమానానికి సంబంధించినదే కాదు, దళం ఉండాలా వద్దా అన్నదానికీ సంబంధించినదే. ఆ టెన్షన్‌లో ఉండి కూడా వీళ్లు పని నేర్చుకున్నారు, పరీక్షలు పాసయ్యారు, వాయవ్య సరిహద్దులో మీరంషా లాంటి చోట విమానాల్ని ఎగరగలిగే స్థితిలో నిలబెట్టారు. హర్జిందర్ మెట్టు మెట్టుగా ఎక్కి వారెంట్ ఆఫీసర్ అయ్యాడు. కమిషన్, అంటే అధికారి హోదా, లేని మనిషికి అదే ఆఖరి మెట్టు, దాని పైన గోడ.

ఆ గోడని పగలగొట్టింది యుద్ధం. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి మన దళం మొత్తం ఒక్క స్క్వాడ్రన్, 16 మంది అధికారులు, 662 మంది సిబ్బంది. 1940, 41ల్లో తీరం కాయడానికి వాలంటీర్ రిజర్వ్ దళాలు ఆరు పెట్టారు, వాటిలో ఒకటి మన విశాఖపట్నంలో. 1942 ఫిబ్రవరిలో నంబర్ 1 స్క్వాడ్రన్ లైసాండర్ విమానాలతో బర్మాలోని టౌంగూకి వెళ్లింది. కమాండర్ జంబో అని అందరూ పిలుచుకునే కరుణ్ కృష్ణ మజుందార్, వారెంట్ ఆఫీసర్ హర్జిందర్.

లైసాండర్ బాంబర్ కాదు. సైన్యానికి పైనుంచి చూసి చెప్పడానికి, కొక్కెంతో నేల మీది నుంచి ఉత్తరాలు అందుకోవడానికి చేసిన విమానం, నెమ్మది, ఎదుటివాడి ఫైటర్‌కి తేలిగ్గా దొరుకుతుంది. స్క్వాడ్రన్ దిగిన మర్నాడే జపాన్ విమానాలు వచ్చి టౌంగూ మీద బాంబులేశాయి. మజుందార్ బదులు చెప్తానన్నాడు. రెండు 250 పౌండ్ల బాంబులు మోసేలా లైసాండర్‌ని స్థానికంగానే మార్చారు, ఆయన థాయ్‌లాండ్‌లోని మే హాంగ్ సాన్ విమానాశ్రయం మీదికి వెళ్లి బాంబులేసి వచ్చాడు, మర్నాడు స్క్వాడ్రన్ కూడా వెళ్లింది. మజుందార్‌కి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ వచ్చింది. దీన్ని అందరూ పైలట్ సాహసంగానే చెప్తారు, సాహసమే. కానీ ఆ ముందురోజు హ్యాంగర్ వైపు నిలబడి చూడండి. బాంబుల బరువు ఎక్కడ వేలాడదీస్తే విమానం ముక్కు కిందికో పైకో లాగకుండా ఉంటుంది, ఆ చట్రం భరిస్తుందా, గరుకు నేల మీద పరుగెత్తేటప్పుడు తోకచక్రం తట్టుకుంటుందా, బాంబు ఒకటి విడిపోయి ఇంకోటి ఇరుక్కుంటే ఏమవుతుంది? ఫ్యాక్టరీ ఇంగ్లండ్‌లో ఉంది, అడగడానికి టైం లేదు. సరిగ్గా ఈ ప్రశ్నలకి జవాబు చెప్పే బాధ్యత తీసుకునే మనిషినే టెక్నికల్ ఆఫీసర్ అంటారు. హర్జిందర్‌కి అప్పటికి ఆ పేరూ లేదు, ఆ ర్యాంకూ లేదు, పని మాత్రం అదే.

బర్మా నుంచి వెనక్కి వచ్చాక ఆయనకి ఎం.బి.ఇ. పురస్కారం, 1942లోనే కమిషన్. బ్రిటన్ 1940లో టెక్నికల్ శాఖ తెరవకపోతే ఆ కమిషన్ ఎక్కడ ఇవ్వాలో కూడా తెలిసేది కాదు. నేను మొదట చెప్పిన ఇంగ్లండ్ కథా, ఈ లాహోర్ ఇంజనీరు కథా కలిసే చోటు ఇదే. యుద్ధం అయ్యేసరికి దళంలో తొమ్మిది స్క్వాడ్రన్లు, సుమారు 28,500 మంది, వాళ్లలో 1,600 దాకా అధికారులు. ఒకప్పటి 19 మంది సిపాయిల పని ఇప్పుడు వేలమంది ఫిట్టర్లది, రిగ్గర్లది, వాళ్లకి నేర్పేవాళ్లది.

1947 ఆగస్టుతో డ్రిగ్ రోడ్ పాకిస్తాన్‌లో ఉండిపోయింది. మనుషులు, విమానాలు పంచుకున్నారు, కానీ దశాబ్దాలుగా పనిముట్లు పేరుకున్న డిపోని నరికి పంచుకోలేరు కదా. మనకి మిగిలినవాటిలో కాన్పూర్ పక్కన చకేరీ ముఖ్యమైనది. అక్కడ అమెరికా నుంచి బ్రిటన్ తీసుకున్న లిబరేటర్ బాంబర్లు వరసగా పడి ఉన్నాయి, వెళ్లేముందు పనికిరాకుండా చెడగొట్టి వదిలేసినవి. హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ, తర్వాత హెచ్‌ఏఎల్) మనుషులు వాటిని ఎగిరేంతవరకు అతుకులేసి, టెస్ట్ పైలట్ జిమ్మీ మున్షీ చేత బెంగళూరుకి తెప్పించి, అక్కడ పూర్తిగా బాగుచేశారు. 1948 నవంబర్ నుంచి అవి మన మొదటి భారీ బాంబర్లు, కొన్ని 1968 దాకా ఎగిరాయి. పారేసిన యంత్రం నుంచి 20 ఏళ్ల పని రాబట్టారు. కొత్త దేశానికి టెక్నికల్ మనుషులు ఇంతకన్నా ఏం చేసి చూపించాలి?

1955లో కాన్పూర్‌లో మెయింటెనెన్స్ కమాండ్ ఏర్పడింది. ఎగిరే కమాండ్లతో సమానంగా, బాగుచేయడానికి ఒక కమాండ్. సిపాయిగా చేరిన హర్జిందర్ సింగ్ దానికి అధిపతి అయ్యాడు, ఎయిర్ వైస్ మార్షల్ ర్యాంకుతో. ఆయన హయాంలో కాన్పూర్‌లోని రిపేర్ డిపో బాగుచేయడంతో ఆగలేదు. నాలుగు సీట్ల చిన్న విమానాన్ని తనే డిజైన్ చేసి ఎగరేసింది, ఊరి పేరే పెట్టి కాన్పూర్-1 అన్నారు, తర్వాత ఇంకొంచెం శక్తిమంతమైన ఇంజన్‌తో కాన్పూర్-2. పెద్దఎత్తున తయారు కాలేదు, అయినా రిపేర్ షాపు నుంచి విమానం పుట్టడం చిన్న సంగతి కాదు.

అసలు పెద్ద పందెం ఆవ్రో 748. దళం రవాణాకి వాడే డకోటా విమానాలు ముసలివయ్యాయి, వాటి బదులు బ్రిటన్ డిజైన్ ఒకటి లైసెన్సు మీద ఇక్కడ చేయాలని 1959లో ఒప్పందం కుదిరింది. చేసేది బెంగళూరు ఫ్యాక్టరీ కాదు, కాన్పూర్‌లో ఎయిర్‌ఫోర్స్ డిపో. దీని మీద అప్పుడే చాలా గొడవ జరిగింది, ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నా అభిప్రాయం నేను చెప్తాను. సైనిక రవాణాకి ఆవ్రో సరిగ్గా సరిపోయిన విమానం కాదు. వెనక నుంచి తెరుచుకునే ర్యాంపు లేదు, జీపు ఎక్కించాలన్నా ఇబ్బందే, హిమాలయాల ఎత్తులో బరువు మోయడంలోనూ పరిమితులున్నాయి. విమర్శించినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కానీ జిగ్గులు (పార్టుల్ని కదలకుండా పట్టి ఉంచే చట్రాలు) బిగించడం, వేల పార్టులకి లెక్క రాయడం, ఒక్కో రివెట్‌కీ తనిఖీ చేయడం, ఇవి ఏ దేశమైనా పుస్తకంలో చదివి నేర్చుకోగలిగేవి కావు. ఎవరో ఒకరు సంతకం పెట్టి మొదటిదాన్ని ఎగరేయాలి. 1964లో ఆ డిపో హెచ్‌ఏఎల్‌లో భాగమైంది, అక్కడ మొత్తం 89 ఆవ్రోలు తయారయ్యాయి, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా నడిపింది. ఎయిర్‌ఫోర్స్‌లో వాటి బదులు 56 సీ-295 విమానాలు తీసుకునే ఒప్పందం కుదిరింది 2021లో, వాటిలో 40 వడోదరలో జోడిస్తారు, ఆ జోడింపుకి కావలసిన పెద్ద భాగాలు చేస్తున్నది మన హైదరాబాద్‌లో.

ఇప్పుడు మన వైమానిక దళంలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ శాఖ ఉంది, మెకానికల్ ఒకటి, ఎలక్ట్రానిక్స్ ఒకటి. బీటెక్ చేసిన మన పిల్లలు, అమ్మాయిలు కూడా, నేరుగా అధికారులుగా చేరుతున్నారు. ఎవరూ సిపాయిగా మొదలుపెట్టి గోడకి తల కొట్టుకోనక్కర్లేదు. దళాధిపతి పదవి మాత్రం ఎప్పుడూ పైలట్లదే. అది సరైనదా కాదా అన్న ప్రశ్న 1919లో ఉన్నట్టే ఇప్పుడూ ఉంది, నాకైతే దాన్ని ఇంకా గట్టిగా అడగాలనే ఉంటుంది.

కాన్పూర్‌లో తయారైన మొదటి ఆవ్రో 1961 నవంబర్ 1న ఎగిరింది. దానికి ముందు ఏడాది నవంబర్‌లో, మన వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ టోక్యోలో చనిపోయారు. విమానానికి ఆయన పేరే పెట్టారు, సుబ్రతో అని. 1933లో డ్రిగ్ రోడ్‌లో ఆ పైలట్ ఎక్కిన వపిటీల్ని చూసుకున్న హవాయీ సిపాయిల్లో ఒకడు, 28 ఏళ్ల తర్వాత, ఆయన పేరున్న విమానం కాన్పూర్ డిపో నుంచి బయటికి వచ్చినప్పుడు ఆ కమాండ్‌కి అధిపతి.